వేసవిలో చెరువును ఎండనివ్వండి

విశాఖలో మధురవాడ దాటి కొమ్మాది, ఆనందపురం వైపు వెళ్తుంటే హోర్డింగుల మీద ఒకటే బొమ్మ. నిండా నీలంగా చెరువు, చుట్టూ టైల్స్ పరిచిన నడక దారి, దీపస్తంభాలు, వెనకాల విల్లాలు. ‘లేక్ వ్యూ’ అన్న మాట చేరితే చదరపు అడుగు ధరే మారిపోతుంది. తర్లువాడ డేటా సెంటర్ ప్రకటన వచ్చాక ఆ వైపు భూముల సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. హైదరాబాద్‌లో హైడ్రా కూల్చివేతలు చూశాక కొనేవాళ్లూ జాగ్రత్తపడ్డారు. ఎఫ్‌టీఎల్ (చెరువు నిండు మట్టం గీత) ఎక్కడ, బఫర్ (ఇల్లు కట్టకూడని మేర) ఎంత అని అడుగుతున్నారు. పది హెక్టార్లు, ఆ పైన ఉన్న చెరువుకైతే నిండు మట్టం గీత నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు అన్నది 2012 నాటి 168వ నంబరు జీవో నుంచీ తెలిసిన లెక్కే. అది అడగాల్సిందే. కానీ చెరువు పక్కన కాపురం ఎలా సాగుతుందో తేల్చే ప్రశ్న వేరే ఉంది. ఈ చెరువు మే నెలాఖరుకి ఎంత దిగుతుంది?

ఏడాది పొడవునా బొమ్మలోలాగే నిండుగా ఉంటుందని జవాబొస్తే ఆ ఇల్లు కొనొద్దు.

మన చెరువుకి గట్టు ఒక్క వైపే ఉంటుంది. వాలు చివర, లోతున్న చోట. మిగతా మూడు వైపులా నేల మెల్లగా పల్లమై నీళ్లలోకి దిగుతుంది. యాభై మీటర్లకు ఒక మీటరు పల్లం ఉన్న చోట నీరు ఒక్క మీటరు తగ్గితే యాభై మీటర్ల మేర నేల బయటపడుతుంది. చెరువుకి ఊపిరి ఆడేది ఆ నేల మీదే. అక్కడ తుంగ, జమ్ము మొలిచి నీళ్లలోని నత్రజని, భాస్వరం పీల్చుకుంటాయి. తడి బురదలో కొంగలు, ఉల్లంకి పిట్టలు మేస్తాయి. ఎండకి ఒండ్రు నెర్రెలిచ్చి గాలి లోపలికి దూరితే ఏడాదిగా పేరుకున్న కుళ్లు చివికిపోతుంది. వెనకటికి రైతులు ఆ మట్టినే బళ్లకెత్తి పొలాలకి తోలుకునేవారు.

సుందరీకరణ పేరుతో మొదట చచ్చేది ఈ వాలే. చుట్టూతా రాతి కట్టడం, దాని మీద నడక దారి. దీన్నే రింగ్ బండ్ అంటున్నారు. చెరువు కాస్తా తొట్టి అవుతుంది. తొట్టిలో నీళ్లు తగ్గితే చూడ్డానికి బాగోదు కాబట్టి ఎస్టీపీ (మురుగు శుద్ధి ప్లాంటు) నీళ్లు మళ్లించి నిండుగా ఉంచుతారు. శుద్ధి చేసిన నీరే కదా, తప్పేముంది అంటారు. తప్పంతా అక్కడే ఉంది.

మూడొందల ఫ్లాట్లున్న చోట నలుగురేసి చొప్పున 1,200 మంది. తలకి రోజుకి 135 లీటర్లు, అందులో 80 శాతం మురుగు. అంటే రోజుకి దాదాపు 1,30,000 లీటర్లు. మామూలు ఎస్టీపీ సక్రమంగా నడిచినా మురుగులోని కుళ్లునే తగ్గిస్తుంది గానీ సబ్బులతో, మలంతో వచ్చే భాస్వరాన్ని పెద్దగా తీయదు. పైగా సక్రమంగా నడవడమే అరుదు. కరెంటు బిల్లుకి భయపడి మురుగులోకి గాలి ఊదే బ్లోయర్లని రాత్రిళ్లు ఆపేస్తారు. గాలి అందక సూక్ష్మజీవులు చచ్చిపోతాయి, పొద్దున్నే ట్యాంకు మీద నల్లటి తెట్టు తేలుతుంది. దీన్ని కనిపెట్టడానికి ఇంజినీరే కానక్కర్లేదు. ఆ గాలి ఊదే ఏరేషన్ ట్యాంకులోంచి లీటరు కొలజాడీ నిండా పట్టి అరగంట కదపకుండా ఉంచాలి. మట్టిరంగు మడ్డి 200 నుంచి 300 మిల్లీలీటర్ల గీత దగ్గర ఆగి, పైన నీళ్లు తేటగా నిలిస్తే ప్లాంటు బతికున్నట్టు. అసలు పేరుకోకపోయినా, నల్లగా ఉండి పైకి తేలినా ఆ నీళ్లు చెరువులోకి పోకూడదు. ఇల్లు కొనే ముందు మోడల్ ఫ్లాటులో గడిపే గంటలో అరగంట ఈ జాడీ ముందు నిలబడటం మేలు.

భాస్వరం చేరిన నిండు తొట్టిలో తర్వాత జరిగేదీ తెలిసిందే. నీళ్లు పచ్చబడతాయి, గుర్రపు డెక్క పరుచుకుంటుంది, దాని వేళ్లని పట్టుకుని మాన్సోనియా దోమ పిల్లలు పెరుగుతాయి. (డెంగీ దోమ మాత్రం చెరువుది కాదు, బాల్కనీలో పూలకుండీ కింది పళ్లేనిది.) నాలుగు రోజులు ముసురు పడితే నాచు ప్రాణవాయువు చేయలేదు, ఉన్నదాన్ని తనే వాడుకుంటుంది. తెల్లవారుజామున చేపలు నోళ్లు తెరుచుకుని పైకొస్తాయి, మధ్యాహ్నానికి తేలిపోతాయి. అడుగున గాలి తగలని బురదలోంచి కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. అది హైడ్రోజన్ సల్ఫైడ్. దేవుడి గదిలో వెండి సామాను వారానికే నల్లబడుతుంది, ఏసీలో రాగి కాయిల్ చిల్లులు పడి గ్యాస్ కారిపోతుంది. మెకానిక్ ఉప్పుగాలి మీద నెపం పెడతాడు. సముద్రానికి దూరంగా ఉన్న చోట కాయిల్ నల్లగా మారిందంటే ముందు చూడాల్సింది చెరువు వైపే.

బేస్‌మెంట్ సంగతీ ఇంతే. దాని నేల చెరువు నిండు మట్టానికి రెండు మీటర్లు దిగువన ఉంటే, భూమిలో నీరు ఆ మట్టానికి చేరినప్పుడు చదరపు మీటరుకి రెండు టన్నుల ఒత్తిడి కింద నుంచి పైకి తోస్తుంది. ఆరంగుళాల మామూలు కాంక్రీటు బరువు అందులో అయిదో వంతు కూడా ఉండదు. చెరువు దిగే ఊళ్లో వేసవి మూడు నెలలు ఆ ఒత్తిడి తగ్గుతుంది, పగుళ్లు పూడ్చుకునే వీలుంటుంది. పన్నెండు నెలలూ నిండుగా ఉంచితే ఆ వీలే ఉండదు.

వీటన్నిటి కంటే నన్ను కలవరపెట్టేది వరద లెక్క. విశాఖ కొండలు నిటారు, పైన మట్టి పల్చన, గెడ్డలు (వాగులు) పొట్టివి. పడ్డ వాన గంటల్లో కిందికొస్తుంది. పది హెక్టార్ల చెరువులో ఒక మీటరు ఖాళీ ఉంటే లక్ష ఘనపు మీటర్లు, అంటే పది కోట్ల లీటర్లు పడతాయి. రెండు చదరపు కిలోమీటర్ల పరీవాహకంలో 100 మిల్లీమీటర్లు కురిసి సగం నీరు పారితే సరిగ్గా అంతే వస్తుంది. ఖాళీ ఉన్న చెరువు మొత్తం మింగేస్తుంది. అందం కోసం నింపి ఉంచినది చుక్క కూడా మింగదు, అలుగు మీదుగా కింది కాలనీ మీదికి వదిలేస్తుంది. అలుగు కింద గెడ్డ ఉన్న చోట ఇప్పుడు రోడ్డు, దాని కింద 900 మిల్లీమీటర్ల హ్యూమ్ పైపులు రెండు. గంటకి 50 మిల్లీమీటర్ల వానలో అదే పరీవాహకం నుంచి సగం నీరు పారి సెకనుకి దాదాపు 14 ఘనపు మీటర్లు వస్తే ఆ రెండు పైపులూ కలిసి లాగేది రెండున్నర. మిగిలిందంతా రోడ్డెక్కి ఇళ్లల్లోకి పోతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ గాలి ఏం చేసిందో మనకి గుర్తుంది. మన తుపాన్లు ఎక్కువగా వచ్చేది అక్టోబరు, నవంబరుల్లో, చెరువులు నిండే కాలంలోనే. అప్పటికే నిండిపోయిన తొట్టెలతో వాటికి ఎదురు నిలవలేం.

కట్టడం లేకపోతే చెరువు మిగలదని, ఎండిన అంచు కనిపిస్తే చాలు లారీల కొద్దీ మట్టి పోసి కబ్జా చేస్తారని కాలనీ సంఘాల వాదన. భయం నిజమే. దానికి మందు నిండు మట్టం గీత మీద సర్వే రాళ్లు, గీతకి బయట జాలీ కంచె. నడక దారి కావాలంటే అదీ గీతకి బయటే, మట్టి దారిగా. గోడ వేయాల్సింది కబ్జాదారుకి అడ్డంగా, నీటికి అడ్డంగా కాదు.

అసలు ఈ ఊరు తన నీళ్లని చూసే తీరే మారిపోయింది. తాగడానికి 150 కిలోమీటర్లకు పైగా కాలువ తవ్వి ఏలేరు నుంచి తెచ్చుకుంటున్నాం. విజయనగరం జిల్లా తాటిపూడి నుంచి తెచ్చుకుంటున్నాం. బ్రిటిష్ కాలం నుంచి ఊరి గొంతు తడిపిన ముడసర్లోవ రిజర్వాయరు అంటే ఇప్పుడు చాలామందికి పార్కు, 2018లో నీటి మీద తేలిన 2 మెగావాట్ల సోలార్ పలకలు. 2020 మే 7న వెంకటాపురంలో స్టైరీన్ విషవాయువు లీకైతే గానీ పక్కనున్న మేఘాద్రి గెడ్డ రిజర్వాయరు నీరు మన కుళాయిలోకి వస్తుందన్న ఎరుక కలగలేదు. దూరపు నీరు తాగడానికి, దగ్గరి నీరు చూడ్డానికి అని పంచేసుకున్నాం. చూడ్డానికే అనుకున్న నీటిని ఎవరూ కొలవరు. కొలవకపోతే అది ఎప్పుడు చచ్చిందో కూడా తెలియదు.

చెరువు ఒడ్డున ఇళ్లున్నవాళ్లు కోరాల్సింది ఫౌంటెన్ కాదు. గట్టు లోపలి వైపు సెంటీమీటర్ల గేజు పలక బిగించి, వారానికోసారి మట్టం నోటీసు బోర్డులో రాయాలి. ఏప్రిల్ తర్వాత ఎస్టీపీ నీళ్లని చెరువులోకి కాక తోటలకి, ఫ్లష్ ట్యాంకులకి తిప్పాలి. వానలు మొదలయ్యే నాటికి అలుగు మట్టం కంటే మీటరు దిగువన ఉండేలా మదుము (తూము) తెరవాలి. ఆ నీళ్లు వెళ్లే కాలువ కింద ఎక్కడా పూడుకుపోలేదని ముందు నడిచి చూసుకోవాలి. చాలా చోట్ల మదుము తలుపు ఏళ్ల తరబడి ఎత్తక స్క్రూ రాడ్డు తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంటుంది. ఈ ఏప్రిల్‌లోనే దానికి గ్రీజు పెట్టించి, ఒకసారి పూర్తిగా ఎత్తి దించి చూడండి.