హమీద్‌ను దెబ్బతీసింది ఆర్భాటం కాదు

రింగు పై తాడును రెండు చేతులతో పట్టుకుని, గాల్లో పల్టీ కొట్టి లోపలికి దూకే బాక్సర్ వీడియోలు మన కుర్రాళ్ల ఫోన్లలో ఇప్పటికీ తిరుగుతున్నాయి. చిరుతపులి మచ్చల నిక్కరు, చెవులు చిల్లులు పడే పాట, నడిచి వచ్చే దారి పొడవునా డ్యాన్స్. ఒకసారైతే ఎగిరే తివాచీ మీద కూర్చుని మరీ వచ్చాడు. 2000 మార్చిలో లండన్‌లో దక్షిణాఫ్రికా బాక్సర్ వుయానీ బుంగుతో పోటీకి అది ఎంట్రీ. నాలుగో రౌండ్‌లోనే బుంగు పడిపోయాడు. ఆ పల్టీల బాక్సర్ ప్రిన్స్ నసీమ్ హమీద్. విజయవాడ గాంధీనగర్ థియేటర్లలో హీరో ఎంట్రీకి కాగితాలు ఎగరేసే ఊరు మనది. ఇలాంటివాడు నచ్చకుండా ఎలా ఉంటాడు? నచ్చాలి కూడా. అతడు వేషాలేసి పేరు తెచ్చుకున్నాడే తప్ప అసలు సరుకు లేదనే మాట తరచూ వినిపిస్తుంది. దానితో మేం ఏకీభవించం.

హమీద్ 1974లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు యెమెన్ నుంచి వచ్చి అక్కడ చిన్న దుకాణం నడుపుకునేవారు. ఆ ఊరి ఉక్కు ఫ్యాక్టరీల్లో చెమటోడ్చిన యెమెనీ కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఏడేళ్ల వయసులో తండ్రి అతడిని విన్‌కోబ్యాంక్‌లో ఉన్న బ్రెండన్ ఇంగిల్ జిమ్‌కు తీసుకెళ్లాడు. డబ్లిన్ నుంచి వలస వచ్చిన ఐరిష్ బాక్సర్ ఇంగిల్. చర్చి హాల్లో నడిచిన ఆ జిమ్‌లో నేల మీద గీతలు గీసి ఉండేవి. పిల్లలు ముందు ఆ గీతల మీద అడుగులు వేయడం నేర్చుకోవాలి. ముందుకు, వెనక్కు, పక్కకు, ఒక్కసారిగా కాలు మార్చి ఎడమచేతి వాటానికి, మళ్లీ కుడి వాటానికి. పంచ్ సంగతి ఆ తర్వాతే. తాడు మీదుగా పల్టీలు కూడా ఆ హాల్లో రోజువారీ కసరత్తే. తర్వాత ప్రపంచం చూసి ముక్కున వేలేసుకున్న విన్యాసానికి పునాది అక్కడే పడింది.

హమీద్ చేతులు కిందికి దించేసి, గడ్డం ముందుకు చాచి, ‘కొట్టుకో’ అన్నట్టు నిలబడేవాడు. చూసేవాళ్లకు అది పొగరు. నిజానికి అదొక పద్ధతి. ముఖం దగ్గర గ్లవ్స్ లేకపోతే ఎదుటివాడు ఆశపడి పెద్ద దెబ్బకు చెయ్యి చాస్తాడు. అది చేరేలోపు హమీద్ నడుము దగ్గర నుంచి వెనక్కి వంగేవాడు. ఎదుటివాడు తూలిన ఆ క్షణంలో ఎవరూ ఊహించని కోణం నుంచి ఎడమచెయ్యి వచ్చి తగిలేది. కంటి చూపు, నడుము, దూరం అంచనా, ఈ మూడింటిలో ఏ ఒక్కటి తగ్గినా ఈ పద్ధతిలో ముఖం పగలడం ఖాయం. ఏళ్ల తరబడి సాధన చేస్తే తప్ప పట్టుబడదు.

ఫలితాలు చూడండి. 1995 సెప్టెంబరు 30న కార్డిఫ్‌లో, అప్పటి ఛాంపియన్ స్టీవ్ రాబిన్సన్ సొంత ఊళ్లో, తనను తిట్టిపోస్తున్న జనం మధ్య ఎనిమిదో రౌండ్‌లో అతడిని ఓడించి ప్రపంచ బాక్సింగ్ సంస్థ (డబ్ల్యూబీవో) ఫెదర్‌వెయిట్ (సుమారు 57 కిలోల విభాగం) టైటిల్ గెలిచాడు. అప్పటికి వయసు 21. ఆ టైటిల్‌ను 15 సార్లు నిలబెట్టుకున్నాడు. 1997 డిసెంబరులో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో కెవిన్ కెల్లీతో బౌట్ ఒక్కటి చూసినా చాలు. హమీద్ మూడుసార్లు కిందపడ్డాడు, కెల్లీని మూడుసార్లు పడేశాడు. నాలుగో రౌండ్‌లో మూడోసారి పడ్డ కెల్లీ ఇక లేవలేకపోయాడు. వేషగాడికి మూడుసార్లు నేలకరిచి లేచి గెలిచేంత గుండె ఉండదు.

మరి ఎక్కడ తేడా కొట్టింది? మా దృష్టిలో 1998లో ఇంగిల్‌తో తెగదెంపుల దగ్గరే. డబ్బు లెక్కలు, మాట పట్టింపులు కలిసి, పదహారేళ్లకు పైగా సాగిన అనుబంధాన్ని తెంచేశాయి. ఆ పేచీలో న్యాయం ఎవరిదన్న చర్చ మాకు అక్కర్లేదు. కొత్త కోచ్‌లు వచ్చారు, వాళ్లూ సమర్థులే. కానీ తప్పు చేసినప్పుడు ఏడేళ్ల పిల్లాణ్ని కసిరినట్టు కసిరే మనిషి పక్కన లేకుండా పోయాడు. గెలుపులు ఆగలేదు గానీ అడుగుల్లో పాత పదును తగ్గింది. ఒక్క పెద్ద దెబ్బ మీదే నమ్మకం పెరిగింది.

2001 ఏప్రిల్ 7న లాస్ వేగాస్‌లో మెక్సికో బాక్సర్ మార్కో ఆంటోనియో బర్రేరా ఆ లోపాన్ని పన్నెండు రౌండ్ల పాటు అందరికీ చూపించాడు. కలబడి కొట్టేవాడిగా పేరున్న బర్రేరా ఆ రాత్రి తొందరపడలేదు. హమీద్ ఎడమచేతికి అందకుండా పక్కకు జరుగుతూ, అతడు దూకినప్పుడల్లా హుక్‌తో (పక్క నుంచి వంపుగా వేసే దెబ్బతో) స్వాగతం పలికాడు. చివరి రౌండ్‌లో హమీద్ తలను రింగు మూల దిమ్మెకేసి కొట్టి ఒక పాయింటు పోగొట్టుకున్నా, ముగ్గురు జడ్జీలూ బర్రేరానే విజేతగా తేల్చారు.

ఒక్క ఓటమితో ఏ ఛాంపియనూ చిన్నవాడైపోడు. హమీద్‌పై మా అసలు ఫిర్యాదు ఆ తర్వాతి సంగతి. బర్రేరాతో రెండో బౌట్ జరగలేదు. ఎంతోకాలం తన వంతు కోసం ఎదురుచూసిన మరో మెక్సికో బాక్సర్ హువాన్ మాన్యువల్ మార్కెజ్‌తో బౌట్ ఎప్పటికీ జరగలేదు. 2002 మేలో ఒక పోటీ గెలిచి, 28 ఏళ్లకే రింగు వదిలేశాడు. చేతుల గాయాలు వేధించిన మాట నిజమే. అయినా 37 బౌట్లలో 36 గెలుపులు, అందులో 31 నాకౌట్లు సాధించినవాడు ఇంకా చేయాల్సింది చాలా ఉండగా ఆగిపోయాడన్నది అతని అభిమానులకు ఇవాళ్టికీ మింగుడుపడని విషయం.

రింగు బయట చేసిన తప్పునూ దాటవేయలేం. 2005లో ప్రమాదకరంగా కారు నడిపి ఒక మనిషిని తీవ్రంగా గాయపరిచాడు. 15 నెలల జైలు శిక్ష పడింది, బ్రిటన్ ప్రభుత్వ పురస్కారం ఎంబీఈని వెనక్కి తీసుకున్నారు. అది న్యాయమే.

2015లో అంతర్జాతీయ బాక్సింగ్ హాల్ ఆఫ్ ఫేమ్ అతడికి చోటిచ్చింది. అదీ న్యాయమే. పెద్ద డబ్బంతా హెవీవెయిట్లదే అనుకునే కాలంలో 57 కిలోల మనిషి పేరు మీద స్టేడియాలు నిండాయి, అమెరికా టీవీ చానళ్లు వెంటపడ్డాయి. అరబ్బు పేరున్న కుర్రాడు, వలస కుటుంబం బిడ్డ, తలెత్తుకుని ‘నేనే నంబర్ వన్’ అంటే బ్రిటన్ చప్పట్లు కొట్టింది. ఇవి చిన్న విషయాలు కావు.

విజయవాడకూ బలం విలువ తెలుసు. 1951 తొలి ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చి, ఆపైన వెండితెర మీద భీముడిగా గద పట్టిన వెయిట్‌లిఫ్టర్ దండమూడి రాజగోపాలరావు పేరు మన ఇండోర్ స్టేడియానికి ఉంది. అక్కడ గ్లవ్స్ కట్టుకునే పిల్లలు హమీద్‌లా పల్టీ కొట్టాలని ముచ్చటపడితే కోప్పడొద్దు. ఆ పల్టీకి ముందు వచ్చే గీతల మీది అడుగుల్ని ఓపిగ్గా నేర్పే కోచ్‌ను మాత్రం వాళ్లకు దూరం కానివ్వొద్దు. పతకం వచ్చిన రోజు బెంజ్ సర్కిల్‌లో కట్టే ఫ్లెక్సీల్లో నాయకుల ఫొటోలు డజన్ల కొద్దీ ఉంటాయి, మొదట అడుగు వేయించిన మనిషి ఫొటో కోసం వెతుక్కోవాలి. రాష్ట్ర క్రీడాప్రాధికార సంస్థ (శాప్) అధికారులు, జిల్లా క్రీడా సంఘాలు ఇది మార్చాలి. ఇక మీదట క్రీడాకారుడికి ఎక్కడ సన్మానం జరిగినా అదే వేదిక మీద మొదటి గురువుకు కుర్చీ వేయాలి, ఇచ్చే నగదులో వాటా ఎంతో ముందే కాగితం మీద రాసిపెట్టాలి.