సిస్టర్ గారూ, మీ ఆనందం ఎంతో ఇక్కడ టిక్ పెట్టండి

మా కోనసీమలో ఓ ఆస్పత్రివాళ్ళు ఆపరేషన్ థియేటర్ సిస్టర్లకి సంతృప్తి సర్వే పెట్టారండి. ఎంత పెద్ద మనసో చూడండి. పేరు రాయక్కర్లేదు, అంతా రహస్యం అని పైన రాసి కింద ఎంప్లాయీ ఐడీ అడిగారు. ఫారాలు వసూలు చేసేది ఎవరయ్యా అంటే నైట్ డ్యూటీలు వేసే ఇన్‌చార్జి గారే, ఆవిడే పెన్నిచ్చి మరీ, "నిజం రాయండమ్మా, మొహమాటం ఏం వద్దు" అంటారు, ఆయ్.

ఒక సిస్టర్ దొరకలేదంట. ఎలా దొరుకుతుందండీ, పొద్దున్న సిజేరియన్‌తో మొదలెట్టి, గాల్‌బ్లాడర్, హెర్నియా అయ్యి, రిలీవర్ రాక సాయంత్రానికి కూడా టేబుల్ దగ్గరే ఉంది. కడుపు కుట్టేముందు మాపులు, అంటే రక్తం అద్దే గుడ్డలు, సూదులు లెక్క సరిపోవాలి, 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన చెక్‌లిస్టులోనూ ఉందది. ఒకరు పైకి లెక్కపెడితే ఇంకొకరు సరిచూడాలి, ఆ ఇంకొకరు పక్క థియేటర్లో ఉన్నారు. సరిగ్గా అప్పుడు హెచ్ఆర్ కుర్రాడు తలుపులోంచి తల పెట్టి, "మేడం, పనిలో మీ ఆనందం ఒకటి నుంచి ఐదులో ఎంతండి?"

"ఏడు, ఎనిమిది..." మాపులవి.

"ఐదు వరకేనండి మేడం, ఎనిమిదికి గడి లేదు."

డాక్టరు గారు అరిచారు, లెక్క మళ్ళీ మొదటికొచ్చింది, కుర్రాడు మాత్రం ఐదు వేసుకుని పోయాడు.

మే 12న నర్సుల దినోత్సవానికి ఫ్లెక్సీ కూడా కట్టారు, ఎండీ గారు నిలువెత్తున, సిస్టర్లు స్టాంపు సైజులో. క్రిమియా యుద్ధంలో సైనికుల చావుల లెక్కలు బొమ్మలు గీసి మరీ ప్రభుత్వం ముందు పెట్టిన మనిషండీ నైటింగేల్, ఆవిడ పుట్టినరోజుకి మనం చేసేది ఏంటంటే కేకు కోయడం!

నర్సుల జీతాల సంగతి చూడమని సుప్రీంకోర్టు 2016లో చెబితే కేంద్రం కమిటీ వేసింది. 50 పడకల లోపు ప్రైవేటు ఆస్పత్రయినా నెలకి 20 వేలకి తగ్గకూడదు, 200 దాటితే గవర్నమెంటు నర్సుతో సమానంగా ఇవ్వాలి అంది. ఇక్కడ మూడేళ్ళు జీఎన్ఎం నర్సింగ్ డిప్లొమా చదివొచ్చిన పిల్లకి అందులో సగం చేతికొస్తే గొప్ప. పైగా ఒరిజినల్ సర్టిఫికెట్లు వీళ్ళ బీరువాలో! మానేస్తానంటే బాండు డబ్బులు కట్టమంటారు. పుస్తెలు తాకట్టు పెట్టి చదివించిన తల్లి ఇంకేం తెచ్చి కడుతుందిరా? సిగ్గనేది ఉండాలి.

సరే, వచ్చే నెల నర్సింగ్ ఎక్సలెన్స్ గుర్తింపుకి ఇన్‌స్పెక్షన్ అంట. కాకినాడ బ్రాంచి నుంచి సిస్టర్లని తెప్పిస్తున్నారు, ఆ రెండ్రోజులూ ప్రతి టేబుల్‌కీ ఇద్దరుంటారు. ఆపరేషన్ ఉన్నవాళ్ళు ఆ డేట్లు కనుక్కుని అడ్మిట్ అవ్వండి.