కోపానికి పూచీపడని జాతి

ఇంగ్లీషువాడికి కోపం రాదు. ఈ మాటను నేను పూర్తి గౌరవంతో అంటున్నాను. వారి నుడికారాన్ని ఓపికగా పరిశీలించినవారెవరైనా ఇదే నిర్ధారణకు వస్తారు. మనవాళ్లు ముందుచూపు లేక, ఎవరి కోపాన్ని వారి ముక్కు మీదే పెట్టి ఊరుకున్నారు. ఇంగ్లీషు మాత్రం ప్రతిసారీ మరొక ముద్దాయిని వెతికి తెచ్చింది.

19వ శతాబ్దపు అమెరికాలో పుట్టిన 'ఫ్లై ఆఫ్ ది హ్యాండిల్' (పిడి నుంచి ఊడి ఎగరడం, అంటే ఒక్కసారిగా కోపంతో ఊగిపోవడం) అన్న పలుకుబడిలో నేరమంతా గొడ్డలిది. పిడి వదులై దాని తల ఊడి ఎగిరిందే తప్ప, విసిరిన పెద్దమనిషి నిగ్రహానికి ఏ లోటూ లేదు. ఆ తరువాత ఆ నిందను 'బ్లో ఆఫ్ స్టీమ్'లో ఆవిరి యంత్రమూ, 'బ్లో ఎ ఫ్యూజ్'లో కరెంటు ఫ్యూజూ, చివరికి 'గో బాలిస్టిక్'లో బాలిస్టిక్ క్షిపణీ మోశాయి. 'సీ రెడ్' (ఎరుపు చూడడం, అంటే కోపంతో మండిపడడం) అన్న మాటకు ఎద్దును సాక్ష్యానికి పిలుస్తారు కానీ, పాపం ఆ జీవికి ఎరుపు సరిగా కనిపించనే కనిపించదు.

యంత్రాలూ పశువులూ చాలనప్పుడు పరాయి జాతులు అక్కరకు వచ్చాయి. ఒళ్లు తెలియని ఆవేశానికి వాడే 'బెర్సర్క్' పాతకాలపు స్కాండినేవియాకు చెందిన నార్స్ యోధులది. ఉన్మాదంతో కనిపించినవారి మీదల్లా పడడాన్ని చెప్పే 'రన్ అమోక్' మలయా వారిది. పోర్చుగీసుల రాతల మీదుగా ఐరోపాకు చేరిన ఈ మాటను పట్టుకుని, వలస పాలకుల కాలపు వైద్యులు ఇది మలయా ప్రజలకే ప్రత్యేకమైన ఉన్మాదమని గ్రంథస్తం చేశారు. ఫిరంగులతో దేశాలకు దేశాలను ఆక్రమించడం ఉన్మాదాల జాబితాలోకి రాలేదు, ఎందుకంటే దానికి అప్పటికే పరిపాలన అన్న పేరుంది.

ఈ విషయంలో మన దేశం వంతు కూడా తక్కువేమీ కాదు. నాసిక్ దగ్గరి దేవ్‌లాలీలో బ్రిటిష్ సైనిక శిబిరం ఉండేది. కొలువు గడువు ముగిసిన సిపాయిలు స్వదేశానికి వెళ్లే ఓడ కోసం అక్కడ ఎదురుచూసేవారు. ఓడల కాలం దాటిపోతే ఆ నిరీక్షణ నెలల తరబడి సాగేది. పనిలేక, ఎండకు తాళలేక కొందరికి మతి చలించేది. దానికి వారు పెట్టిన పేరు 'డూలాలీ టాప్'. ఇందులో టాప్ అంటే జ్వరం, అంటే మన తాపమే. విసుగు హద్దు దాటి పిచ్చిగా మారిన ఆ స్థితికి ఊరి పేరూ మనదే, జ్వరం పేరూ మనదే అయ్యాయి. ఆ సిపాయిలను అన్ని నెలలు అక్కడ కూర్చోబెట్టిన సైనిక శాఖ పేరిట మాత్రం ఇంగ్లీషు నిఘంటువులో ఏ రోగమూ నమోదు కాలేదు.