బొమ్మకి డబ్బులా?

హైదరాబాద్‌లో 2013 నుంచి కామిక్ కాన్ అని, బొమ్మల కథల అభిమానుల జాతర ఒకటి జరుగుతోంది. ఇన్నేళ్లలో ఎవరూ నోరెత్తని ఒక దారుణం గురించి, బాధ్యత గల పౌరుడిగా నేను మాట్లాడక తప్పడం లేదు. అక్కడ కొందరు బొమ్మలు గీయడమే కాక, వాటికి డబ్బులు కూడా అడుగుతున్నారు.

మావాడి పోరు పడలేక, అది జరిగే హైటెక్స్‌కి వెళ్లాను. టికెట్లకీ, పార్కింగ్‌కీ మారు మాట్లాడకుండా కట్టాను. గుప్పెడు పాప్‌కార్న్‌కి వాళ్లు చెప్పిన రేటు విని కళ్లు తిరిగినా, కట్టాను. స్పాంజి కత్తికీ కట్టాను. పిసినారినని ఎవరూ అనుకోకూడదనే ఈ లెక్క చెబుతున్నాను.

"నాన్నా, ఆర్టిస్ట్ ఆలీకి పోదాం" అన్నాడు మావాడు. కమెడియన్ అలీ వచ్చాడేమోనని గబగబా నడిచాను. తీరా చూస్తే అదో సందు. వరసగా టేబుళ్లు. ఒక టేబుల్ వెనక ఇరవై రెండేళ్ల పిల్ల. ఇనప జాలీకి క్లిప్పులతో ప్రింట్లు, ముందు క్యూఆర్ కోడ్, కుర్చీ కింద మూత తీయని టిఫిన్ డబ్బా. జనమంతా జపాన్ హీరోల స్టిక్కర్ల మీద పడుతున్నారు. ఓ మూల తెలుగు కామిక్ ఉంది: అర్ధరాత్రి ఖాళీ మెట్రోలో హ్యాండిల్ పట్టుకుని తలకిందులుగా వేలాడుతున్న బేతాళుడు.

"స్టిక్కర్లు టేబుల్ అద్దె కడతాయి అంకుల్. ఇది మాత్రం నా సొంతం" అంది.

నిలబడే చదవడం మొదలెట్టాను. బాగుంది. ఎంతమ్మా అంటే రెండొందల యాభై అంది!

"కాగితానికీ, ప్రింటింగ్‌కీ ఎంతైంది?"

"నూటపది. తక్కువ కాపీలు వేస్తే అంతే పడుతుంది అంకుల్."

"గీసింది నువ్వేగా, ఇంక ఖర్చేముంది? వందకియ్యి."

నవ్వింది. పొద్దుట్నించీ నాలాంటి ఆర్థికవేత్తలు చాలామందే వచ్చారనుకుంటా, ఆ నవ్వు బాగా అరిగిపోయి ఉంది.

ఇక చరిత్ర పాఠం చెప్పక తప్పలేదు. "చందమామలో శంకర్ గారు భుజాన శవంతో విక్రమార్కుణ్ణి గీశారు. బొమ్మకింతని మమ్మల్నెప్పుడైనా అడిగారా?"

"ఆయనకి చందమామ వాళ్లు నెలనెలా జీతమిచ్చేవారు అంకుల్."

ఈ తరంతో ఇదే చిక్కు. పెద్దలు ఉదాహరణ చెబితే వివరాలు చెబుతారు.

పోనీ కదా అని మావాడి బొమ్మ ఊరికే గీసిమ్మన్నాను, రెండు నిమిషాల పనే కదా. టిఫిన్ డబ్బా వైపు ఓసారి చూసి, "ఇప్పుడు కుదరదు అంకుల్" అంది. ఈలోగా నేను ముప్ఫయ్యో పేజీకి వచ్చాను. బేతాళుడు ప్రశ్న అడగబోతున్నాడు. సరిగ్గా అప్పుడే ఎవరో కుర్రాడు రెండొందల యాభై కొట్టి, నా చేతిలోని కాపీయే కావాలన్నాడు. ఆఖరిదట.

ఆ ప్రశ్నేమిటో తెలియక వారం నుంచి నిద్ర లేదు. కొన్నవాళ్లెవరైనా ఉంటే చివరి రెండు పేజీలు ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టగలరు. ఊరికే.