ఇంకో వంద అడుగులు: సీసీఎన్‌ఏ గారికి అనంతపురం నుంచి

మహారాజశ్రీ సీసీఎన్‌ఏ గారికి నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. సిస్కో కంపెనీ ఇచ్చే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్‌వైన నువ్వు మాత్రం ఇంకో మూడు నెలల్లో గడువు తీరి పోతున్నావని మెయిల్ వచ్చింది. (గారు అని మొదలుపెట్టి వెంటనే నువ్వులోకి దిగాడేంటి అనుకోవద్దు. మూడేళ్లు నా రెజ్యూమెలో కాపురం చేశావు, ఆ మాత్రం చనువు ఉంటుంది.)

నీ సంగతికి ముందు మా నాయన సంగతి చెప్పాలి. కళ్యాణదుర్గం దగ్గర మాకు నాలుగెకరాలుంది, అందులో మూడు బోర్లు, మూడూ ఎండిపోయినవే. బోరు వేయించాలంటే ముందు కొబ్బరికాయ ఆయన వస్తాడు. అరచేతిలో కాయ పెట్టుకుని చేనంతా తిరిగి, కాయ లేచి నిలబడిన చోట కాలితో గీత గీసి "ఇక్కడ రెండించులు గ్యారంటీ" అని చెప్పి డబ్బులు తీసుకుని పోతాడు. తర్వాత బండి వస్తుంది. నాలుగు వందల అడుగులకి దుమ్ము, ఐదు వందలకి దుమ్ము, అప్పుడు బండి ఆయన మా నాయన మొహంలోకి చూసి "అన్నా, రాయి మారింది, ఇంకో వంద దింపుదామా?" అంటాడు. మా నాయన ఊ అంటాడు. నేను పక్కనే బీటెక్ చదువుకున్న మొహం పెట్టుకుని, ఈయనకి బుద్ధి ఎప్పుడొస్తుందో అనుకునేవాణ్ణి.

ఆ తర్వాత నేనే టవర్ క్లాక్ దగ్గర ఒక ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కాను. కౌన్సెలర్ చేతిలో కొబ్బరికాయ లేదు, సిస్కో సర్టిఫికెట్ల రంగుల చార్టు ఒకటి ఉంది. అడుగున నువ్వు, మధ్యలో సీసీఎన్‌పీ, కొన మీద ఎనిమిది గంటల ల్యాబ్ పరీక్షతో సీసీఐఈ. "ముందు ఇక్కడ కాలు పెట్టు తమ్ముడూ, మిగతాది అదే లాగుతుంది, హండ్రెడ్ పర్సెంట్ ప్లేస్‌మెంట్" అన్నాడు. తర్వాత తెలిసింది ఏంటంటే, ఆ కొన మీదున్న సీసీఐఈ 1993లోనే వచ్చింది, అడుగు మెట్టువైన నువ్వు 1998లో వచ్చావు. ముందు మిద్దె కట్టి, అయిదేళ్ల తర్వాత మెట్లు పెట్టిన ఇల్లు నేను ఇంకెక్కడా చూళ్లేదు. ఇంకోటి, 2020 నుంచి సీసీఎన్‌పీ రాయడానికి నువ్వు ఉండాల్సిన పనే లేదు. ఆ ముక్క కౌన్సెలర్ చెప్పలేదు, నేనూ అడగలేదు, కాయ నిలబడ్డాక ఎవరడుగుతారు?

క్లాసుల గురించి తక్కువ చెప్పుకుంటేనే మర్యాద. 2020 ఫిబ్రవరిలో నువ్వు రూటింగ్ స్విచ్చింగ్, సెక్యూరిటీ, వైర్‌లెస్ అని విడివిడిగా ఉన్న అన్నదమ్ములందర్నీ కలిపి 200-301 అనే ఒకే పరీక్షగా మారావు. సిలబస్‌లోంచి రిప్ అనే, రూటర్లకి దారి చూపే పాత పద్ధతి వెళ్లిపోయింది, జేసన్ అనే డేటా రాసే పద్ధతి, ఆటోమేషన్ వచ్చాయి. మా సారు నోట్సుకి మాత్రం ఆ వార్త అందలేదు. పదిహేను హాప్‌లు, అంటే రూటర్ నుంచి రూటర్‌కి వేసే అంగలు, దాటితే రిప్ చేతులెత్తేస్తుందని మాకు నాలుగు రోజులు చెప్పాడు, అయిదో రోజు ఆయనే చేతులెత్తేసి ప్యాకెట్ ట్రేసర్ అనే ప్రాక్టీసు సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ చేసుకోమన్నాడు.

నిజం చెప్పాలంటే అక్కడే నువ్వు నాకు నచ్చావు. బస్సులో కూచుని టికెట్ వెనకాల సబ్‌నెట్లు, అంటే నెట్‌వర్క్‌ని ముక్కలు చేసే లెక్కలు, వేసుకునేవాణ్ణి. స్లాష్ 26 అంటే 64 అడ్రసులు, మొదటిదీ చివరిదీ తీసేస్తే 62. టికెట్ సగం నిండేసరికి ఊరు వచ్చేది. నెట్‌వర్క్‌లో దారి చుట్టుకుని లూప్ పడకుండా చూసే స్పానింగ్ ట్రీ అయితే మరీ. కంప్యూటర్లని కలిపే స్విచ్ డబ్బాలన్నీ కలిసి ఎన్నిక పెట్టుకుని ఒక నాయకుణ్ణి ఎన్నుకుంటాయి, ప్రయారిటీలు సమానమైతే తక్కువ మ్యాక్ అడ్రస్ (ఫ్యాక్టరీలోనే వేసే నంబరు) ఉన్నవాడు గెలుస్తాడు, ఎవరూ పట్టించుకోకపోతే చాలాసార్లు మూలనున్న పాత ఇనుప డబ్బాకే పదవి. అర్థం చేసుకోవడానికి నాకు కష్టమేమీ కాలేదు, పుట్టినప్పట్నుంచీ చూస్తున్నదేగా.

పరీక్ష ఫీజు 300 డాలర్లు, రూపాయల్లోకి మార్చి పన్ను కలిపితే పాతిక వేలు దాటింది. మా నాయన "డాలర్లేమిరా, శనక్కాయలు తీసుకోరా వాళ్లు?" అన్నాడు. బెంగళూరు పోయి రాశాను. 120 నిమిషాలు, జవాబు కొట్టి ముందుకెళ్తే మళ్లీ వెనక్కి వచ్చే వీలు లేదు, ఎన్ని మార్కులకి పాసో నువ్వు చెప్పవు. పాసయ్యానని తెరమీద చూసి, బయటికొచ్చి కాఫీ తాగి, ఆ కప్పు ఫొటో కూడా తీసుకున్నాను. పిచ్చోణ్ణి.

ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న: "సర్టిఫైడా, ట్రైన్డా?" సర్టిఫైడ్ అని గుండె విరుచుకుని చెప్పాను. "డంప్స్ చూసి రాశారా?" అని రెండో ప్రశ్న. వాట్సాప్‌లో వచ్చే ఆ లీకైన ప్రశ్నల పీడీఎఫ్ బట్టీ పట్టినవాడూ, టికెట్ల మీద లెక్కలేసుకున్న నేనూ వాళ్లకి ఒకటే. మూడోసారికి ఒకాయన నిదానంగా, ప్రేమగా అన్నాడు: "సీసీఎన్‌ఏ అందరికీ ఉందండీ. సీసీఎన్‌పీ చేసుకుని రండి, చూద్దాం."

అచ్చం ఆ బండి ఆయన గొంతే. రాయి మారిందట.

తిరిగొచ్చి ఇక్కడే ఒక బ్రాడ్‌బ్యాండ్ షాపులో చేరాను. మొన్న ఒక ఆఫీసులో నెట్ మొత్తం పడిపోయిందని ఫోన్. నేనూ మా షాపు అన్నా పోయాం, ఆయన పదో తరగతి తప్పి కేబుల్ లాగే పనిలోకొచ్చిన మనిషి. బల్ల కింద చిన్న స్విచ్, దాని దీపాలన్నీ జాతరలో సీరియల్ సెట్టులాగా ఒక్కసారిగా కొట్టుకుంటున్నాయి. నాకు ఒళ్లు పులకరించింది. "అన్నా, ఇది బ్రాడ్‌కాస్ట్ స్టార్మ్! ఎక్కడో లూప్ పడింది, ఈ చౌక స్విచ్‌లో స్పానింగ్ ట్రీ ఉండదు కాబట్టి ఫ్రేములు గిరగిరా..." అని నేను వివరిస్తూనే ఉన్నా. ఆయన వైర్లు ఒక్కొక్కటే పీకుతూ పోయాడు. ఏడో వైరు పీకగానే దీపాలు సద్దుమణిగాయి. ఆఫీసు ఊడ్చే పిల్లాడు, వేలాడుతున్న వైరు కొన చూసి, పాపం పద్ధతిగా ఉంటుందని ఖాళీగా ఉన్న రంధ్రంలో గుచ్చాడు. దాని రెండో కొన కూడా అదే స్విచ్‌లో ఉంది. "దాన్ని ఏమంటారన్నావ్?" అని అడిగాడు మా అన్న బండెక్కుతూ. చెప్పాను. "పేరు బాగుంది" అన్నాడు.

నీ విలువ లేదని నేననడం లేదు. ఆ దీపాలు చూసి అదేంటో గుర్తుపట్టింది నీవల్లే. కానీ మూడేళ్లు కాగానే ఆ తెలివికి గడువు తీరిపోతుందని మెయిల్ పెడతావు చూడు, అక్కడ కాలుతుంది. బతికించుకోవాలంటే కోర్సులూ అవీ చేసి 30 క్రెడిట్లు సంపాదించాలి, లేదా మళ్లీ పరీక్ష. లేదా, మెయిల్ చదువుతూ చదువుతూ ఇక్కడ ఆగాను, సీసీఎన్‌పీ కోర్ పరీక్ష ఎన్‌కోర్ 350-401 పాసైతే నువ్వూ దాంతోపాటే బతుకుతావట. ఎలాగూ కట్టేదేగా, ఇంకొంచెం కలిపితే పైమెట్టు కూడా వచ్చినట్టే కదా అని లోపల ఒక గొంతు. రాత్రి రెండు దాకా నిద్ర పట్టలేదు.

పొద్దున్నే ఇంటికి ఫోన్ చేశాను. పరీక్ష ఒకటి ఉంది నాయనా, డబ్బులు కావాలి అన్నాను.

"మళ్లీనా? ఎంతకి దిగాల ఈసారి?"

"నాలుగు వందలు" అన్నాను, డాలర్లు అని మింగేసి.

"నాలుగు వందలకి మనకాడ దుమ్ము కూడా తడవదు గదరా," అన్నాడు మా నాయన. కాసేపు ఆగి, "సరే, దింపు."

ఇట్లు,
నీ గడువు తీరకముందే రాస్తున్న
అనంతపురం వాడు