గ్రీనిచ్ సాక్షిగా మాడిన కోడి

బ్రిటన్‌లో బీబీసీ రేడియో 4 మోగే ఇళ్ళల్లో ఆదివారం పూట గడియారంతో పనుండదు. చర్చి గంటలు వినబడితే ఇంకా తెల్లారలేదని, ప్రార్థన వస్తుంటే ఎనిమిది దాటిందని, ప్యాడీ ఓకానెల్ వారం వార్తల్ని వేళాకోళం చేస్తుంటే తొమ్మిదయిందని, ఎవరో పెద్దమనిషిని ఎడారి దీవికి పంపేస్తుంటే పదయిందని లెక్క. 'డెసర్ట్ ఐలాండ్ డిస్క్స్' అనే ఆ దీవి తంతు 1942 నుంచీ ఉంది. వెళ్ళేవాడు ఎనిమిది పాటలు, ఒక పుస్తకం, ఒక విలాస వస్తువు పట్టుకెళ్ళొచ్చు. బైబిలూ షేక్‌స్పియరూ ముందే అక్కడుంటాయి. విలాస వస్తువు బతకడానికి పనికొచ్చేది కాకూడదని నియమం. మరి ఆవకాయ జాడీ ఏ పద్దు కిందికి వస్తుందో తేలక, అక్కడి తెలుగిళ్ళల్లో సగం కార్యక్రమం వాదనకే పోతుంది.

పదకొండుకి ఆర్చర్స్. 1951 జనవరి 1 నుంచి దేశమంతటా వస్తున్న పల్లెటూరి ధారావాహిక. యుద్ధం తర్వాతి తిండి కరువు రోజుల్లో రైతులకి కొత్త సేద్యం నేర్పడానికి పెట్టారు. మన ఆకాశవాణి వ్యవసాయ కార్యక్రమంలో అన్నదమ్ముల ఆస్తి తగాదా కలిపితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. వారంలో వచ్చిన ఆరు భాగాలూ ఆదివారం ఒకే దెబ్బన, గంటంపావు సేపు వేస్తారు. వంటింట్లో కొంప ముంచేది ఈ గంటంపావే.

లండన్ పక్కనున్న స్లౌలో ఓ తెలుగాయన ఉన్నాడనుకుందాం. మే నెల. ఒంటిగంటకి రెండు కుటుంబాల్ని భోజనానికి పిలిచాడు. కోడి కిలో మూడొందల యాభై గ్రాములు. ఓవెన్ 190 డిగ్రీలు, ఫ్యానున్నదైతే 170. ప్రతి 450 గ్రాములకీ 20 నిమిషాలు, ఆపైన ఇంకో 20. వెరసి 80. ఆర్చర్స్ 75. అంటే ట్యూన్ మొదలవగానే కోడి లోపలికి, చివరి ట్యూన్ అయ్యాక అయిదు నిమిషాలకి బయటికి. తీసిన కోడిని పావుగంట కదపకుండా ఉంచితే రసం కండలోనే నిలుస్తుంది, కోస్తే పళ్ళెంలోకి కారిపోదు. కాగితం మీద ఇంత చక్కని లెక్క ఇంకోటి ఉండదు.

ఓవెన్‌కీ గడియారముంది. కానీ మార్చి ఆఖరి ఆదివారం తెల్లారకముందే దేశమంతా ఒంటిగంటని రెండు చేసుకున్నప్పుడు దాన్నెవరూ తిప్పలేదు. ఏ బటన్ ఎంతసేపు నొక్కాలో చెప్పే పుస్తకం ఇల్లు మారినప్పుడే పోయింది. అక్టోబరు ఆఖరి ఆదివారం దాకా అది గంట వెనకే నడుస్తుంది. ఆ తర్వాత అయిదు నెలలూ దానంత నిఖార్సైన గడియారం దేశంలో ఉండదు.

ఇక అసలు సంగతి. ఆయన వింటున్నది రేడియోలో కాదు, ఫోన్లో, బ్లూటూత్ స్పీకర్ తగిలించి. 11:35కి ఊళ్ళోంచి అమ్మ ఫోను. అక్కడ నాలుగూ అయిదు, కాఫీ వేళ. కాల్ రాగానే యాప్ నోరు మూసుకుంది. మేనత్త మోకాలు, పక్కింటి పెళ్ళిలో పప్పు పలచబడిన వైనం, "ఏం వండుతున్నావురా?", "ఓవెన్లో పెట్టావా? మాడిపోతుందేమో చూసుకో", ఇలా ముప్పై అయిదు నిమిషాలు. అమ్మ పెట్టేయగానే యాప్ బుద్ధిమంతుడిలా ఆగిన మాట దగ్గర్నుంచే అందుకుంది. మళ్ళీ వర్తమానంలోకి రావాలంటే 'లైవ్' అన్న మాట మీద ఒక్కసారి వేలు పెట్టాలి. ఆయన పది వేళ్ళకీ అల్లంవెల్లుల్లి. అందుకే కాల్ కూడా స్పీకర్లోనే మాట్లాడాడు.

12:15కి మేడమీంచి భార్య కేక వేసింది. ఆవిడ గదిలో ఉన్నది పాత ఎఫ్ఎమ్ సెట్టు.

"ఏమండీ, ఆర్చర్స్ అయిపోయింది. కోడిని తీస్తున్నారా?"

"ఇక్కడ ఇంకా సగంలోనే ఉంది! నీది ఎఫ్ఎమ్ కదా, ముందుంటుంది."

ఇందులో అబద్ధమేం లేదు. ఎఫ్ఎమ్‌లో మాట దాదాపు అప్పటికప్పుడే చెవిన పడుతుంది. డ్యాబ్ డిజిటల్ రేడియోలో ధ్వనిని కుదించి, నాలుగు స్టేషన్లతో కలిపి మూటగట్టి, ఇంటికొచ్చాక విప్పుకోవాలి కనక కొన్ని సెకన్లు వెనక. ఇంటర్నెట్‌లో మధ్యలో తెగకుండా కాస్త ముందే నిలవ చేసుకుంటుంది కనక ఇంకా వెనక, ఒక్కోసారి అరనిమిషం. ఒకే ఇంట్లో ఈ మూడూ పెడితే ఒక్క ఆవు మూడుసార్లు అరుస్తుంది. ఇదంతా ఆయనకి తెలుసు. వెనకబడిందని తెలుసు, ఎంత వెనకబడిందో చూసుకోలేదు, అంతే తేడా. ఏమీ తెలియనివాడైతే ఈపాటికి ఓవెన్ తలుపు తీసి చూసుండేవాడు. అరనిమిషంలో ఏ కోడీ మాడదులెమ్మని ఆవిడ తలస్నానానికి వెళ్ళింది.

వాసన రాలేదా అంటారా? పక్క పొయ్యి మీద పులావుకి ఉల్లిపాయలు ఎర్రగా వేగుతున్నాయి. చిమ్నీ ఫ్యాను మూడో నంబరు మీద ఉంది. పొద్దున పోపు పెట్టేటప్పుడు గోల చేయకుండా హాల్లో స్మోక్ అలారానికి తొడిగిన షవర్ క్యాప్ ఇంకా దాని నెత్తినే ఉంది. చేయకూడని పనే. ప్రవాసాంధ్రుల ఇళ్ళల్లో ఆ అలారం ఎంతకాలం దిసమొలతో ఉందో, ఎంతకాలం టోపీతో ఉందో అడక్కపోవడమే మర్యాద.

స్పీకర్లో చివరి ట్యూన్ వచ్చింది. ఇంకో అయిదు నిమిషాలు ఆగి, గర్వంగా తలుపు తీశాడు. అసలు టైము 12:55. కోడి లోపలికెళ్ళి నూట పదిహేను నిమిషాలు. రొమ్ము మీది తోలు కాల్చిన అప్పడంలా లేచి నిలబడింది. కాలు పట్టి లాగితే కండ రాలేదు, ఎముక మాత్రం కత్తిలా ఊడొచ్చింది. ట్రే అడుగున రసమంతా రోడ్డుకేసే తారయింది. "థర్మోస్టాట్ పోయింది" అని తీర్పు చెప్పేశాడు. లెక్క తప్పిందన్న అనుమానమే లేదు.

అయిదు నిమిషాలకి కాలింగ్ బెల్. ఆయన లెక్కలో అప్పుడింకా పన్నెండూ ఇరవై అయిదు. ఒంటిగంటకి పిలిస్తే మనవాళ్ళు ముప్పావుగంట ఆలస్యంగా రావాలి గానీ అరగంట ముందొస్తారా? కనీసం అక్కడైనా బుర్రలో గంట మోగాల్సింది. "ఏమిటి బావగారూ, ఇంత ముందే దయచేశారు!" అన్నాడు. బావగారు చెప్పులు విప్పబోయి, విప్పాలో వద్దో తేల్చుకోలేక గడప మీదే నిలబడ్డారు.

ట్రే నానబెట్టి, వేగిన ఉల్లిపాయల్లోనే పన్నెండు గుడ్లు ఉడికించి వేసి, గుడ్ల పులావు మొదలెట్టారు. అది దమ్ మీదుండగా స్పీకర్లోంచి పిప్‌లు. 1924 ఫిబ్రవరి 5 నుంచి వస్తున్న గ్రీనిచ్ టైము సంకేతమిది. మొత్తం ఆరు. మొదటి అయిదూ సెకనులో పదోవంతు, ఆరోది అరసెకను. ఆ పొడుగుదాని మొదలే సరిగ్గా గంట, చివర కాదు. సాయంత్రం ఆరింటికీ, అర్ధరాత్రికీ, ఆదివారం రాత్రి పదింటికీ మాత్రం దీని బదులు బిగ్‌బెన్ కొడతారు.

"చూశారా, ఇప్పుడయింది ఒంటిగంట," అన్నాడాయన.

బావగారు మణికట్టు ముందుకి చాపారు. ఒకటీ ముప్పై అయిదు.

"మీ వాచీ ముందుంది బావగారూ. ఇది గ్రీనిచ్ టైము!"

"గ్రీనిచ్‌దే బాబూ. ఫోను ఇప్పుడు చెప్తోంది."

అప్పుడు ఫోను తిప్పి చూస్తే తెర మీద 'లైవ్' అన్న మాట వెలవెలబోతూ కనబడింది. కడిగిన చేత్తో దాన్ని నొక్కగానే ఇంట్లోకి ముప్పై అయిదు నిమిషాలు ఒక్కసారిగా వచ్చిపడ్డాయి.

భోజనాలయ్యేసరికి తోటమాలుల ప్రశ్నోత్తరాలు, 1947 నాటి కార్యక్రమం, సగానికొచ్చింది. కోడిని పెరట్లో పాతిపెడితే గులాబీలకి బలమని ఓ అతిథి సలహా. వండిన మాంసం కంపోస్టులో వేసినా, పైపైన పాతినా ఎలకల్ని పిలిచి విందు పెట్టినట్టేనని ఇంకొకరు. దాంతో కోడి చెత్తడబ్బాకే వెళ్ళింది.

5:54కి ఓడల వాతావరణ సూచన. ఈసారి అసలు రేడియోలోనే పెట్టారు. తీగ మీద దుప్పట్లు ఆరుతున్నాయి. ప్రతి సముద్ర ప్రాంతానికీ వరస ఒకటే: ముందు గాలి, తర్వాత అలలు, తర్వాత వాన సంగతి, చివర ఒక్క మాట. థేమ్స్ వంతు వచ్చింది. నైరుతి గాలి, బలం నాలుగో అయిదో. అలలు ఓ మోస్తరు. వాన. గుడ్.

"గుడ్ అన్నాడుగా, ఇంకాసేపు ఆరనీ," అన్నాడాయన.

ఆ గుడ్ వానకి కాదు, కనుచూపుకి. అయిదు నాటికల్ మైళ్ళకి మించి, అంటే తొమ్మిది కిలోమీటర్ల పైన, సముద్రం మీద కనబడుతుందని అర్థం. ఆ మాట బావగారు విడమరిచి చెప్పేలోపే వాన మొదలయింది. వంటింటి కిటికీలోంచి తడుస్తున్న దుప్పట్లు పువ్వు పువ్వునా స్పష్టంగా కనబడుతున్నాయి.