ఆ ఒక సముద్రం ఉన్నది

పదికి మూడు మార్కులు. రెండో తరగతి చదువుతున్న మావాడు "బీచ్‌లో సాయంత్రం" అనే హోంవర్కుకి నాలుగు ముక్కలు రాసుకెళ్తే వచ్చినవి అవి. అక్షర దోషాలు మాత్రం దిద్ది, వాడు రాసింది రాసినట్టు ఇస్తున్నాను: "అల వచ్చి నా చెప్పు పట్టుకుపోయింది. నేను ఏడిచాను. సముద్రానికి ఒంటికాలేమోలేరా, రేపు ఇచ్చీస్తాది అంది నానమ్మ. ఏటి ఇచ్చీది, రేపు రెండోది కూడా అడుగుతాది అన్నాను."

కింద ఎర్ర సిరాతో తీర్పు: "చార్టు పదాలు: 1. హై ఫ్రీక్వెన్సీ పదాలు వాడలేదు. ఇంప్రూవ్ అవ్వాలి." ఆ ఒక్కటీ "నేను" అయ్యుంటుంది. "ఏటి", "ఇచ్చీస్తాది" చుట్టూ పోలీసులు శవం చుట్టూ సుద్దగీత గీసినట్టు సున్నాలు.

చార్టు సంగతి తెలియని అదృష్టవంతులకి చెప్తున్నా. జూన్‌లో పుస్తకాలు, బెల్టు, టై అన్నీ కట్టగట్టి ఇచ్చినప్పుడు లామినేషన్ చేసిన అట్ట ఒకటి ఇచ్చారు. "తరచుగా వాడు పదములు" అని హెడ్డింగు. మా ఫ్రిజ్‌కి అంటించాం. ఆ, ఒక, మరియు, ఉన్నది, అతడు, ఆమె, యొక్క. ఒక గడిలో ఒంటరిగా "కు". దాని పక్క గడిలో "లో". ఏ పదానికీ అంటుకోకుండా ఆ "కు" అలా నిలబడి ఉంటే, పాలప్యాకెట్ తీసినప్పుడల్లా మా ఆవిడకి దాన్ని చూసి జాలేస్తోంది.

ఇది ఎక్కడి సరుకో చూస్తే అమెరికాది. 1936లో ఎడ్వర్డ్ డాల్చ్ అనే ఆచార్యుడు, పిల్లలకి మాటిమాటికీ తగిలే ఇంగ్లీషు మాటలు 220 ఏరి జాబితా కట్టాడు. తర్వాత 1957లో ఎడ్వర్డ్ ఫ్రై అని ఇంకొకాయన (ఇద్దరూ ఎడ్వర్డులే, పేరులోనే ఉందేమో ఈ రోగం) మరో జాబితా తెచ్చాడు. ఇంగ్లీషులో అచ్చయ్యే దాంట్లో దాదాపు సగం ఓ వంద మాటలతోనే నడిచిపోతుందని లెక్క. వాళ్ల మీద నాకేం కోపం లేదు. సెడ్ అని పలుకుతూ ఎస్ ఏ ఐ డి అని రాసే జనం, వన్ అనే మాటని ఓతో మొదలుపెట్టే జనం, పిల్లలకి ఆ మాటల్ని మొహం చూసి గుర్తుపట్టడం నేర్పక ఏం చేస్తారు? వాళ్ల అవసరం అది. మన దగ్గర రాసిందే చదువుతాం. మన పిల్లల కష్టం వత్తుల దగ్గర, గుణింతాల దగ్గర. పైగా వాళ్లు విడిగా పెట్టే "టు", "ఇన్", "ఫ్రమ్" మనకి మాటలోనే కరిగిపోతాయి. ఇంటికి, ఇంట్లో, ఇంటి నుంచి. "ద" అనే మాట మనకి లేనే లేదు, లేదని వెయ్యేళ్లుగా ఎవరూ ఏడవలేదు. ఆ లోటు తీర్చడానికి మా స్కూలు "ఆ" అని పెట్టింది. ఎంత దయ!

డాల్చ్ గారు నామవాచకాలు కూడా 95 ఇచ్చాడు. అందులో మంచు ఉంది, ఉడుత ఉంది, శాంటా క్లాజ్ ఉన్నాడు. పడవ ఉంది. సముద్రం లేదు. మా స్కూలు వాటిని కూడా భక్తితో తెలుగు చేసింది. అంచేత విశాఖపట్నంలో పుట్టి, ఆదివారం ఆదివారం ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా నిలబెట్టిన కురుసుర జలాంతర్గామి ముందు ఐస్‌క్రీం తినే పిల్లాడు చార్టు ప్రకారం మంచు గురించి రాయొచ్చు గానీ సముద్రం గురించి రాస్తే మార్కులు గిట్టవు. లంబసింగిలో చలికాలం తెల్లారగట్ట వణికొచ్చాం కదా, దాన్ని మంచు కింద జమ కట్టమని అడుగుదామనుకున్నాను.

పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్తే మేడమ్ చాలా మర్యాదగా చెప్పారు. "ఇంట్లో మీరూ చార్టు పదాలతోనే మాట్లాడండి సార్, అప్పుడే అలవాటవుతుంది." సరే, విద్య కోసం ఏదైనా చేస్తాం. ఆ సాయంత్రమే బీచ్ రోడ్డులో మురీ మిక్చర్ బండి దగ్గర మొదలుపెట్టాను.

"అతడు యొక్క బండి లో ఒక మిక్చర్ ఉన్నది?" అన్నాను.

"ఏటి బాబూ?" అన్నాడతను.

మా ఆవిడ అందుకుంది. "ఆ ఉల్లిపాయ మరియు ఆ నిమ్మకాయ. మరియు ఆ కారం లేదు." మావాడు పక్కన నిలబడి వేళ్లు మడుస్తూ చార్టు పదాలు లెక్కపెడుతున్నాడు, పన్నెండు దాటేసరికి వాడి మొహం వెలిగిపోయింది. బండతను మా ముగ్గురినీ కిందనుంచి పైదాకా చూసి, అరకు చూడ్డానికొచ్చిన బెంగాలీ టూరిస్టులనుకుని బెంగాలీ ఎత్తుకున్నాడు. ఎంత ధారాళంగా మాట్లాడాడో! ఏ చార్టూ లేకుండా, బేరాల మీద నేర్చుకున్న భాష. పొట్లానికి పది రూపాయలు ఎక్కువ కూడా తీసుకున్నాడు. నేను "ఆ పది యొక్క అన్యాయం ఉన్నది" అంటే నవ్వి ఇంకో గుప్పెడు మరమరాలు వేశాడు.

నవ్వులాటకి ఇంతవరకూ చెప్పాను. పిల్లాడికి ప్రామాణిక భాష నేర్పొద్దని నేను అనను. "ఇచ్చీస్తాది" పక్కన "ఇచ్చేస్తుంది" అని రాసి, పరీక్షలో ఇలా రాయి నాన్నా అంటే మేడమ్‌కి దండం పెట్టేవాణ్ని. కానీ ఈ "మరియు ఉన్నది" ఎవడి ప్రామాణికం? ఏ తల్లి మాట్లాడుతుంది ఇలా? "అమ్మా నాన్నా నేనూ వెళ్లాం" అని చివర దీర్ఘం తీస్తే సరిపోయే చోట మూడు మరియులు కుక్కి, అది ఎదుగుదల అంటారా? ఏడేళ్ల వెధవ తన చెప్పు పోయిన ఏడుపులోంచి ఒక మాట పుట్టించుకున్నాడు, సముద్రం రెండో చెప్పు కూడా అడుగుతుందని! అది చదివి ఒక్కసారి, ఒక్కసారైనా నవ్వు రాలేదా మీకు? లెక్కపెట్టడమేనా వచ్చింది? మా అమ్మ మాట చుట్టూ ఎర్ర సున్నా చుట్టడానికి మీ చెయ్యి ఎలా వచ్చిందండీ?

ఇది ఎక్కడ జరుగుతోందో చూడండి. జనం మాట్లాడే భాషలో పుస్తకాలుండాలని పండితులతో జీవితమంతా పోట్లాడిన గిడుగు రామమూర్తి పుట్టింది ఈ ఉత్తరాంధ్రలోనే. సవర అనే గిరిజన తెగ పిల్లలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని, ఆ భాష తాను నేర్చుకుని మరీ పుస్తకాలు రాశాడాయన. ఆయన పుట్టినరోజనే ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నాం.

మా స్కూలూ చేస్తోంది. నిన్న వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. పిల్లల్ని పంచె, కండువాలో పంపాలట, తెలుగు గొప్పదనం మీద ఐదు వాక్యాలు చెప్పించాలట, వాటిలో కనీసం పదిహేను చార్టు పదాలు ఉండాలట. రాత్రి ఫ్రిజ్ ముందు కూర్చోబెట్టి ప్రాక్టీసు చేయిస్తున్నాను.

"తెలుగు ఒక భాష ఉన్నది. ఆ భాష మంచిది మరియు తీయనిది ఉన్నది. తెలుగు యొక్క..."

మూడో వాక్యంలో ఆగిపోయి నా వైపు చూశాడు.

"ఇదేటి నాన్నా?"